నగరాలు నేర్చుకున్న ఎండ పాఠం



మన విజయవాడకు సరదాగా పెట్టిన పేరు ఒకటి ఉంది. బ్లేజ్‌వాడ, అంటే మండే ఊరు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు, గుణదల కొండ పగలంతా కాగి రాత్రిపూట ఆ వేడిని మన మీదికి వదులుతాయి. మే నెల మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నడిచి చూడండి. పక్కనే కృష్ణమ్మ ఉన్నా ముఖానికి కొట్టే గాలి మాత్రం పొయ్యి దగ్గరి గాలిలాగే ఉంటుంది. ఇదంతా మనకు అలవాటే. అలవాటు కాబట్టే దీన్ని వాతావరణం అంటాం గాని జబ్బు అనం. ఊళ్ళో కలరా సోకితే డాక్టర్లు వస్తారు, బావుల్లో బ్లీచింగ్ చల్లుతారు. అదే ఊళ్ళో ఎండకు నలుగురు పోతే "పాపం, వడదెబ్బ తగిలింది" అని ఊరుకుంటాం.

ఎం.ఎస్సీ.లో నాకు ఇచ్చిన సెమినార్ అంశం "ప్రజారోగ్యం కోసం ప్రపంచ నగరాల పరస్పర సహకారం". ఆ పేరు వినగానే మేయర్లు ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడమే కళ్ళ ముందు మెదిలింది. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే అసలు సహకారం శాలువాల్లో లేదు. ఒక నగరం తన చావుల లెక్క నిజాయితీగా రాసుకుంటుంది. ఆ లెక్కను ఇంకో నగరం చదువుకుని తన జాగ్రత్తలో తను పడుతుంది. ఎండ విషయంలో ఈ పని సుమారు 30 ఏళ్ళుగా జరుగుతోంది. అది చికాగోలో మొదలై అహమ్మదాబాద్ మీదుగా మన గుమ్మం దాకా వచ్చింది. ఆ కథే ఈ వ్యాసం.

వడదెబ్బ అంటే ఏమిటి?

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడ్. బయట ఎంత ఎండ ఉన్నా శరీరం ఈ 37ను కాపాడుకోవాలని చూస్తుంది. ఇందుకు దానికి రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా పంపి వేడిని బయటికి వదలడం. రెండోది చెమట. చెమట కారడం వల్ల చల్లబడం, చెమట ఆవిరైనప్పుడే చల్లబడతాం. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉంది.

ఈ రెండు ఉపాయాలూ చాలనప్పుడు లోపలి వేడి పెరుగుతుంది. అది 40 డిగ్రీలు దాటితే మెదడు తడబడుతుంది. మనిషి సంబంధం లేని మాటలు మాట్లాడతాడు, తూలతాడు, స్పృహ తప్పుతాడు. గుండె, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. ఇదే వడదెబ్బ. నీరసం, తలనొప్పి, కాళ్ళ పిక్కలు పట్టేయడం దీనికి ముందు వచ్చే హెచ్చరికలు.

ఇక్కడ మనవాళ్ళలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎండలో తిరిగినవాళ్ళకే వడదెబ్బ తగులుతుందని. నిజానికి గాలి ఆడని గదిలో మంచం మీద పడుకున్న ముసలివాళ్ళకూ తగులుతుంది. రేకుల కింద కట్టెల పొయ్యి దగ్గర వంద మందికి వండే మనిషికీ తగులుతుంది. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది చికాగో నగరంలో.

చికాగో

1995 జులై నెల. అమెరికాలోని చికాగోలో కొద్ది రోజుల పాటు విపరీతమైన వేడి, దానితోపాటు గాలిలో తేమ. జులై 13న ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటింది. 41 డిగ్రీలంటే మనకు నవ్వు వస్తుంది, మన దగ్గర ఏప్రిల్ లోనే ఆ మాత్రం ఉంటుంది. కాని ఆ వారంలో చికాగోలో మామూలుగా కంటే 700 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. శవాలు ఉంచే చోటు చాలక ఐసు లారీలు తెప్పించారు. సంపన్న దేశంలోని మహానగరం పరిస్థితి అది.

చనిపోయింది ఎవరు? ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్న పేద వృద్ధులు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని పై అంతస్తుల గదుల్లో ఉన్నవాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేసి 2002లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చాడు. రెండూ పేదల పేటలే, రెండింటి మీదా కాసింది ఒకే ఎండ. అయినా ఒక పేటలో మరణాల రేటు రెండో పేట కంటే పది రెట్లు ఎక్కువ. ఎందుకని? తక్కువ మరణాలున్న పేటలో వీధి నిండా దుకాణాలు, జనం. ముసలివాళ్ళు బయటికి వచ్చి నలుగురితో మాట్లాడి, నీడపట్టున చల్లగా ఉన్న దుకాణంలో కాసేపు కూర్చునేవారు. రెండో పేట పాడుబడి, ఎవరి తలుపు వారు వేసుకుని ఉంది. ఇది చదివినప్పుడు నాకు మన వన్‌టౌన్ సందుల్లో అరుగుల మీద కూర్చునే అమ్మమ్మలు గుర్తొచ్చారు. ఆ అరుగు కూడా ఆరోగ్య కేంద్రమే అన్నమాట.

ఇంకొక విషయం. అప్పుడు శవపరీక్షల అధికారి వేడి వల్ల ఇంతమంది పోయారని లెక్క చెబితే, ఇవన్నీ ఎండ చావులేనా అని చికాగో మేయరే బహిరంగంగా అనుమానం వెలిబుచ్చాడు. ఆ అధికారి తన లెక్క మీద నిలబడ్డాడు. తరువాత నిపుణులు పరిశీలించి ఆయన లెక్క సరైనదే అన్నారు. 1999లో మళ్ళీ వడగాలులు వచ్చేనాటికి నగరం మారింది. ఒంటరి వృద్ధులకు ఫోన్లు చేయించింది, ఇళ్ళకు మనుషులను పంపింది. ఆ ఏడు చనిపోయినవారు సుమారు 110 మంది. లెక్క ఒప్పుకున్నాకే మందు దొరికింది.

ఆ దేశంలోనే ఫిలడెల్ఫియా నగరం ఇంకో అడుగు ముందుంది. 1993 వేసవిలో అక్కడ 118 మంది పోయారు. లారెన్స్ కల్క్‌స్టైన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడి సాయంతో 1995లో ఒక హెచ్చరిక పద్ధతి పెట్టుకున్నారు. ఏ రకమైన గాలి నగరం మీదికి వచ్చినప్పుడు చావులు పెరుగుతున్నాయో పాత రికార్డుల్లో చూసి, అలాంటి గాలి వచ్చే ముందు రోజే ప్రకటించడం. ప్రకటన రాగానే వీధికొకరు చొప్పున ఉన్న పెద్దలు వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి చూస్తారు. 1995 నుంచి 1998 వరకు ఈ పద్ధతి వల్ల సుమారు 117 ప్రాణాలు నిలిచాయని తరువాత లెక్క కట్టారు. ఇదే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థల తోడ్పాటుతో ఇటలీలోని రోమ్, చైనాలోని షాంఘై నగరాలు తమకు తగినట్లు మార్చుకున్నాయి. కెనడాలోని టొరంటో కూడా పెట్టుకుంది. 2003 ఆగస్టులో ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000 మంది ఎండకు పోయాక యూరప్ మొత్తం ఈ దారికి వచ్చింది.

అదే 2003 మే, జూన్ నెలల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా వెయ్యిమందికి పైగా చనిపోయారు. పారిస్ గురించి పుస్తకాలు వచ్చాయి. మన వాళ్ళ గురించి పేపర్లో జిల్లావారీ అంకెలు వచ్చాయి, వానలు పడగానే ఆగిపోయాయి.

అహమ్మదాబాద్

మన దేశంలో ఈ పాఠం మొదట నేర్చుకున్నది గుజరాత్‌లోని అహమ్మదాబాద్. 2010 మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు వెళ్ళింది. ఆసుపత్రి కాగితాల మీద వడదెబ్బ అని రాసిన చావులు చాలా తక్కువ. కాని పరిశోధకులు ఒక చిన్న పని చేశారు. మున్సిపాలిటీలో ఆ నెల నమోదైన మరణాలన్నీ, ఏ కారణం రాసి ఉన్నా సరే, కలిపి లెక్కపెట్టారు. 4,462 వచ్చాయి. దానికి ముందు ఏడు, తరువాత ఏడు అదే నెలలో నమోదైన మరణాలతో పోల్చారు. మామూలు మే నెల కంటే 1,344 ఎక్కువ. కాగితం మీద గుండెపోటు, మూత్రపిండాల జబ్బు, ముసలితనం అని ఏది రాసి ఉన్నా, ఆ ఎండే లేకపోతే ఈ 1,344 మందిలో చాలామంది ఆ నెల పోయేవారు కాదు. దీన్నే 'అదనపు మరణాలు' అంటారు. ఇందులో కూడిక, తీసివేత తప్ప పెద్ద గణితం ఏమీ లేదు. మీలో పదో తరగతి వాళ్ళు ఎవరైనా చేయగలరు.

ఆ తరువాత అహమ్మదాబాద్ నగరపాలక సంస్థ, గాంధీనగర్‌లోని భారతీయ ప్రజారోగ్య సంస్థ, అమెరికాలోని అట్లాంటా, న్యూయార్క్ నగరాల విశ్వవిద్యాలయాల వారు, ఒక పర్యావరణ సంస్థ వారు కలిసి కూర్చున్నారు. 2013లో 'హీట్ యాక్షన్ ప్లాన్' వచ్చింది. అట్లాంటాలోని జార్జియా టెక్ వారు ఏడు రోజుల ముందే ఉష్ణోగ్రత అంచనా పంపేవారు. దాన్ని బట్టి నగరం రంగు ప్రకటించేది. 41 డిగ్రీలు దాటితే పసుపు, 43 దాటితే నారింజ, 45కు చేరితే ఎరుపు. రంగు మారగానే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకున్నారు. ఆసుపత్రిలో ఐసు ప్యాకులు సిద్ధం చేయాలి, నీళ్ళ ట్యాంకర్లు తిరగాలి, పార్కులు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలి, పేటల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు తలుపులు తట్టాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది చాలా చిన్న మార్పు. ఒక మున్సిపల్ ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల వార్డు పై అంతస్తులో ఉండేది. కప్పు కాగి పసిపిల్లలకు జ్వరాలు వచ్చేవి. ఆ వార్డును కింది అంతస్తుకు మార్చారు. ఎండకు జబ్బుపడే పసివాళ్ళు బాగా తగ్గిపోయారు. ఇందుకు ఏ విదేశీ యంత్రమూ అక్కర్లేదు. మంచాలు మోసే నలుగురు మనుషులు చాలు. కాని పై అంతస్తే కారణం అని గమనించే కన్ను ఒకటి కావాలి. ఆ కన్ను లెక్కల వల్ల వచ్చింది.

ఈ ప్రణాళిక వల్ల అహమ్మదాబాద్‌లో ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని 2018లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. నాగపూర్, భువనేశ్వర్ వంటి నగరాలు దీన్ని చూసి తమవి తయారు చేసుకున్నాయి.

మన సంగతి

2015 మే నెల మీలో పెద్దవాళ్ళకు కాస్త గుర్తుండవచ్చు. ఆ ఏడు దేశంలో రెండు వేలమందికి పైగా వడదెబ్బకు పోతే అందులో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వారే. అప్పుడు నాకు 13 ఏళ్ళు. హాస్టల్ సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా పెదనాన్న తాపీ మేస్త్రి దగ్గర కూలి. ఆ రోజు స్లాబు పోస్తున్నారు. స్లాబు పని మొదలుపెడితే మధ్యలో ఆపరు, కాంక్రీటు గట్టిపడుతుందని. సాయంత్రం మూడు గంటలకు కళ్ళు తిరుగుతున్నాయంటే "కాసేపు ఓర్చుకో, అయిపోవచ్చింది" అన్నారట. ఆటోలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. అప్పటికే ప్రాణం పోయిందన్నారు. కాగితం మీద గుండె ఆగి మరణం అని రాసి ఇచ్చారు.

మన రాష్ట్రంలో వడదెబ్బ మరణం అని తేల్చడానికి మండలంలో ముగ్గురి కమిటీ ఉంటుంది. తహసీల్దారు, ఎస్సై, మెడికల్ ఆఫీసరు. పోస్టుమార్టం కావాలి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆ ఎండలో శవాన్ని పెట్టుకుని ఎవరు ఆగుతారు? పొద్దుగూకక ముందే తీసుకువెళ్ళారు. అలా ఆ ఏడాది లెక్కలో మా పెదనాన్న లేడు. నష్టపరిహారం సంగతి అలా ఉంచండి. ఆయన పడిపోయిన గంట, ఆయన చేస్తున్న పని, ఆయన తాగిన నీళ్ళు ఏ లెక్కలోకీ రాలేదు. ప్రతి గుండె ఎందుకో ఒకందుకు ఆగుతుంది. ఎందుకు ఆగిందన్నదే వైద్యశాస్త్రం అడగవలసిన ప్రశ్న. అహమ్మదాబాద్ వాళ్ళ కూడిక, తీసివేత చదివిన రోజున నాకు మొదట కలిగిన ఆలోచన ఇదే. ఆ పద్ధతిలో లెక్కిస్తే మా పెదనాన్న కూడా లెక్కలోకి వస్తాడు.

2015 తరువాత రెండు రాష్ట్రాలూ వడగాలుల ప్రణాళికలు తయారు చేసుకున్నాయి. ఇప్పుడు మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి అని ముందు రోజే మండలాల పేర్లతో ప్రకటిస్తోంది. ఇది మంచి పని. అయితే అహమ్మదాబాద్ నుంచి పాఠం తెచ్చుకునేటప్పుడు ఒక తేడా మరిచిపోకూడదు. అహమ్మదాబాద్ వేడి ఎక్కువగా పొడి వేడి. మనది డెల్టా. ఒక పక్క సముద్రం, మధ్యలో కాలువలు, చేలు, చెరువులు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే వెళతాయి. మన గాలిలో తేమ ఎక్కువ.

మొదట చెప్పిన కుండ సూత్రం ఇప్పుడు తీయండి. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, ఊరికే కారిపోతుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే శరీరానికి ఆ 40 లాగే అనిపిస్తుంది. అదే 40 డిగ్రీలకు 50 శాతం తేమ తోడైతే, అమెరికా వాతావరణ శాఖ వాడే పట్టిక ప్రకారం సుమారు 55 డిగ్రీల్లో ఉన్నట్లు లెక్క. కాబట్టి 45 వచ్చాకే ఎరుపు రంగు అనే నియమం మచిలీపట్నానికో, అవనిగడ్డకో పెడితే ఎరుపు ఎప్పటికీ రాకపోవచ్చు, మనుషులు మాత్రం పడిపోతారు. మన వాతావరణ శాఖకు ఈ సంగతి తెలుసు. మైదాన ప్రాంతంలో వడగాలి అనాలంటే కనీసం 40 డిగ్రీలు ఉండాలని, తీర ప్రాంతంలో అయితే 37 చాలని, రెండు చోట్లా ఉష్ణోగ్రత మామూలు కంటే బాగా ఎక్కువ కూడా ఉండాలని వారి నియమం. 2023లో తేమను కలిపి లెక్కించే సూచికను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఇంకొకరి ప్రణాళికను అచ్చు గుద్దినట్లు తెచ్చుకోకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. రోమ్ వారు కూడా ఫిలడెల్ఫియా పద్ధతిని తెచ్చుకున్నారు గాని ఫిలడెల్ఫియా అంకెలను కాదు.

మన సోదర నగరం

మీకు తెలుసా, విజయవాడకు అమెరికాలో ఒక సోదర నగరం ఉంది! కాలిఫోర్నియాలోని మోడెస్టో. సెమినార్‌లో ఈ ప్రశ్న అడిగితే మా క్లాసులో ఒక్కరూ చెప్పలేకపోయారు. సోదర నగరాల ఉద్యమం 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రోత్సాహంతో మొదలైంది. ప్రభుత్వాలతో నిమిత్తం లేకుండా ఊళ్ళ మధ్య స్నేహం ఉండాలని.

మోడెస్టో కూడా కాలువల ఊరే. చుట్టూ కాలువ నీటితో పండే తోటలు. వేసవిలో 38 డిగ్రీలు దాటే రోజులు అక్కడా ఉంటాయి. ఊళ్ళోకి వెళ్ళే దారిలో 1912 నాటి తోరణం ఒకటి ఉంది. దాని మీద నాలుగు మాటలు రాసి ఉంటాయి: నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యం. మన డెల్టాకు కాటన్ దొర ఆనకట్ట వచ్చాక నీరు, సంపద వచ్చాయి. మిగతా రెండూ అందరికీ వచ్చాయో లేదో మీరే చెప్పండి.

2006 జులైలో మోడెస్టో ఉన్న లోయ ప్రాంతమంతా మండిపోయింది. కాలిఫోర్నియాలో వడదెబ్బ అని నమోదైన మరణాలే సుమారు 140. అదనపు మరణాలు అంతకంటే చాలా ఎక్కువని తరువాత తేలింది. అంతకు ముందు ఏడు, 2005లో, పొలాల్లో కూలీలు చనిపోవడంతో ఆ రాష్ట్రం ఎండలో పనిచేసేవారి కోసం ఒక నియమం తెచ్చింది. అమెరికాలో ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. ప్రతి కూలీకి గంటకు సుమారు ఒక లీటరు చొప్పున తాగునీరు యజమానే ఇవ్వాలి. ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అంటే మన 27 డిగ్రీలకే, నీడ ఏర్పాటు చేయాలి. ఒంట్లో వేడి పెరుగుతోందనిపిస్తే కూలీ కనీసం ఐదు నిమిషాలు నీడలో కూర్చోవచ్చు, వద్దనడానికి వీల్లేదు.

ఆ చివరి వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. ఐదు నిమిషాలు.

మన సోదర నగరం నుంచి మనం అడిగి తెచ్చుకోవలసింది ఏదైనా ఉంటే ఈ నియమమే. మన దగ్గర ఉపాధి హామీ పనులు వేసవిలో ఉదయం పూట ముగిస్తున్నారు. భువనేశ్వర్ ఉన్న ఒడిశాలో 1998 వేసవిలో రెండు వేలమంది పోయాక నేర్చుకుని, ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం కూలి పనులు ఆపిస్తున్నారు. కాని స్లాబు పనికి, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసే ముఠా కూలికి, ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని పనిచేసే కుర్రవాడికి ఆ ఐదు నిమిషాలు హక్కుగా ఎవరూ రాసి ఇవ్వలేదు.

ఇచ్చిపుచ్చుకోవడం అంటే తెచ్చుకోవడమే కాదు. మనం ఇవ్వగలిగినవీ ఉన్నాయి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్నాం. అడగకుండానే వీధి మొగలో చలివేంద్రం పెట్టి, ముక్కూ మొహం తెలియనివాడికి కూడా చల్లని కుండ నీళ్ళు, మజ్జిగ పోస్తాం. అమెరికా నగరాల్లో ఎండాకాలం తెరిచే చల్లని గదులు ఉన్నాయి గాని వాటి దాకా మనిషే నడిచి వెళ్ళాలి. మన చలివేంద్రం మనిషి నడిచే దారిలోనే ఉంటుంది. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న మాట మాత్రం ఎగుమతి చేయకండి. దాన్ని మజ్జిగలో నంజుకోవడమే మంచిది.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కూడా నగరాల స్నేహంలోంచి పుట్టిందే. 1968లో ఢాకాలో ఉన్న కలరా పరిశోధనశాల వైద్యులు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు నోటి ద్వారా ఇచ్చి రోగులను నిలబెట్టవచ్చని చూపారు. 1971 యుద్ధంలో శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబిస్ ఆ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి వేల మందిని కాపాడాడు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తల సమంగా ఉండాలి, గోపురంలా పోయకూడదు.

అయితే ఇది స్పృహలో ఉన్నవారికే. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. ఐసు దొరికితే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. బండి వచ్చేదాకా చూద్దాం అని ఊరుకోకూడదు, చల్లబరచడమే చికిత్స.

పైకప్పు

ఇక కప్పుల సంగతి. న్యూయార్క్ నగరం 2009లో ఇళ్ళ పైకప్పులకు తెల్లని పూత వేయించే పని మొదలుపెట్టింది. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది కనుక గది చల్లబడుతుంది. 2017లో అహమ్మదాబాద్ తన ప్రణాళికలో దీన్ని చేర్చుకుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం అని ఐదేళ్ళకు ఒకటి ప్రకటించింది. సీ-40 అని పెద్ద నగరాల కూటమి ఉంది, 2005లో లండన్‌లో మొదలైంది, అందులోనూ వేడి మీద ఒక విభాగం నడుస్తోంది. విజయవాడ ఆ కూటమిలో లేదు. ఉండితీరాలని నేను అనను. చిట్టినగర్ కొండ మీద, సింగ్‌నగర్‌లో ఉన్న రేకుల ఇళ్ళకు సున్నం కొట్టడానికి ఎవరి సభ్యత్వమూ అక్కర్లేదు.

మన హాస్టల్‌లో పై అంతస్తు గది ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు. నేను పదో తరగతి పరీక్షలకు అక్కడే చదివాను. ఈసారి వార్డెన్ మేడమ్‌ను అడిగి రెండు మామూలు థర్మామీటర్లు తెచ్చి ఇస్తున్నాను, జ్వరం చూసేవి కాదు, ల్యాబులో వాడేవి. ఒకటి గోడకు అలాగే తగిలించండి. రెండోదాని బుడ్డికి పలుచని నూలు గుడ్డ చుట్టి, గుడ్డ చివర చిన్న గ్లాసు నీళ్ళలో ఉంచండి. మొదటిది గాలి వేడి చెబుతుంది. రెండోది చెమట పట్టిన మన శరీరం ఎంతవరకు చల్లబడగలదో చెబుతుంది. మొదటిది 40 చూపినప్పుడు రెండోది 22 దగ్గర ఉంటే పొడి గాలి, మన చెమట పనిచేస్తుంది. అదే 31 చూపితే చెమట సరిగా పనిచేయడం లేదని అర్థం. 35కు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పనిచేసేవారికి అంతకు చాలా ముందే ప్రమాదం మొదలవుతుంది.

పై గదిలో ఒక నోటుపుస్తకం, వంటగదిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. థర్మామీటర్లు రెండు చోట్లకూ మార్చుకోవచ్చు. ఒంటిపూట బడులు మొదలైన రోజు నుంచి వేసవి సెలవుల దాకా ఉదయం ఏడుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి రెండు అంకెలూ రాయండి. ఆ రోజు ఎవరికైనా తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే పేరు అక్కర్లేదు, ఎంతమందికో రాయండి. వంట చేసే అక్కలను కూడా అడిగి రాయండి. సెలవులకు ముందు పుస్తకాలు నాకు ఇవ్వండి, నేను గ్రాఫు గీసి తెస్తాను. గుడ్డ మాత్రం ఎండిపోకుండా చూసుకోండి, ఎండిపోతే రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి.